ఎర్రర్ నోరు నొక్కితే స్క్రిప్ట్ బాగుపడినట్టా?

మెయిల్ సర్వర్ల దగ్గర పనిచేసేవాళ్లలో ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. స్క్రిప్ట్ నడిపితే తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయంటే అది చెడిపోయింది. ఆ ఎర్ర అక్షరాలు రాకుండా చేస్తే బాగుపడింది. దీన్ని ఎవరూ సిద్ధాంతంగా రాసిపెట్టలేదు గానీ, మాదాపూర్‌లో రాత్రి షిఫ్టులో కూర్చుని అమెరికా కంపెనీల మెయిల్‌బాక్సులు చూసే కుర్రాళ్ల నుంచి, ఏదో జిల్లా కేంద్రంలో కాలేజీకి సొంత లినక్స్ సర్వర్ నడిపే పెద్దవాళ్ల దాకా చాలామంది పనిలో అదే కనిపిస్తుంది. "ఎర్రర్ క్లియర్ అయిందా?" అని అడుగుతారు. "అయింది సార్" అనగానే టికెట్ మూసేస్తారు. స్క్రిప్ట్ ఏ మెయిల్‌బాక్సుల మీద పనిచేయాలో వాటి మీదే పనిచేసిందా, అన్నిటి మీదా చేసిందా అన్న ప్రశ్న ఆ మాటల్లో ఎక్కడా రాదు.

ఈ నమ్మకం మూలంలోనే తప్పు. మెయిల్‌బాక్సుల నిర్వహణలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయిన స్క్రిప్ట్ వల్ల జరిగే నష్టం సాధారణంగా చాలా చిన్నది. పని ఆలస్యమవుతుంది, అంతే. చప్పుడు లేకుండా పూర్తయి, మనం చెప్పని పని చేసి వెళ్లిన స్క్రిప్ట్ వల్లనే జనం ఉత్తరాలు పోగొట్టుకుంటారు. కాబట్టి లోపం వెతకడం అంటే ఎర్రర్‌ను వదిలించుకోవడం కాదు. ఎర్రర్ రాని చోట కూడా ఏం జరిగిందో రుజువు చేసుకోవడం.

కమాండ్‌కు ఇంత శక్తి ఎప్పుడు వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. యూనిక్స్ ప్రపంచంలో అది మొదటినుంచీ ఉంది. మైక్రోసాఫ్ట్ వైపు మాత్రం 2006లో పవర్‌షెల్ విడుదలయ్యాక, దాని మీదే కట్టిన మెయిల్ సర్వర్ ఎక్స్చేంజ్ 2007తో వచ్చింది. అప్పటినుంచీ ఒక్క వరసతో వేల మెయిల్‌బాక్సుల కోటా మార్చవచ్చు, ఫార్వర్డింగ్ పెట్టవచ్చు, ఉత్తరాలు తుడిచేయవచ్చు. ఇంత శక్తి ఇచ్చినవాళ్లు దానితోపాటు హెచ్చరించే ఏర్పాట్లు కూడా పెట్టారు. పవర్‌షెల్‌లో ఎర్రర్లు రెండు రకాలు: పనిని ఆపేసేవి, ఆపకుండా నమోదు చేసి ముందుకు సాగేవి. వెయ్యి మెయిల్‌బాక్సుల్లో ఒకటి దొరక్కపోతే మిగతా 999 ఆగిపోకూడదన్నది రెండోరకం వెనకున్న ఆలోచన. అది మంచి ఆలోచనే. అయితే ఆ ఒక్కదాన్నీ ఎవరో ఒకరు చూస్తారని, దాని సంగతి తర్వాత తేలుస్తారని అందులో ఒక నమ్మకం కూడా ఉంది. స్క్రిప్ట్ మొదట్లోనే, ఎర్రర్ చూపించకుండా సాగిపొమ్మనే సైలెంట్లీ కంటిన్యూ అని పెట్టేసేవాళ్లు ఆ నమ్మకాన్ని వమ్ము చేస్తున్నారు. ట్రై, క్యాచ్ రాశాం కదా అని ధీమాగా ఉండేవాళ్ల పరిస్థితీ అంతే. ఆపకుండా సాగే ఎర్రర్లు, ఎర్రర్ యాక్షన్‌ను స్టాప్ అని మార్చకపోతే, ఆ క్యాచ్‌లో అసలు పడవు. కాపలా ఉందనుకుంటారు, అక్కడ ఎవరూ ఉండరు.

మన పేర్లతోనే ఒక ఉదాహరణ చెబుతాను. తెలుగువాళ్లు పనిచేసే ఏ పెద్ద ఆఫీసులోనైనా శ్రీనివాస్ ఒక్కడే ఉండడు, లక్ష్మి ఒక్కతే ఉండదు. ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోయాక కె. శ్రీనివాస్‌లు కూడా ముగ్గురో నలుగురో తేలతారు. ఉద్యోగం మానేసిన ఒక శ్రీనివాస్‌కు వచ్చే ఉత్తరాలు ఆయన మేనేజరుకు ఫార్వర్డ్ చేయాలని టికెట్ వస్తుంది. స్క్రిప్ట్‌లో పేరు ఇచ్చి సెట్-మెయిల్‌బాక్స్ నడిపితే ఎక్స్చేంజ్ ఒప్పుకోదు. ఈ పేరుకు ఒకటికి మించి సరిపోతున్నాయి, పని చేయలేను అని ఎర్రర్ ఇస్తుంది. ఇంతకన్నా మర్యాదగా, ఇంతకన్నా స్పష్టంగా ఒక యంత్రం చెప్పలేదు: ఎవరి సంగతి అడుగుతున్నారో సరిగా చెప్పండి అంటోంది.

ఇప్పుడు "క్లియర్ చేసే" పద్ధతి ఏం చేస్తుందో చూడండి. గెట్-మెయిల్‌బాక్స్‌కు అదే పేరు ఇచ్చి, వచ్చినదాన్ని పైపు గుర్తుతో సెట్-మెయిల్‌బాక్స్‌లోకి పంపిస్తే ఎర్రర్ పోతుంది. ఎందుకు పోతుంది? గెట్ కమాండ్ ఆ పేరుకు సరిపోయిన అందరినీ వరసగా ఇస్తుంది, సెట్ కమాండ్ ఒక్కొక్కరినీ మార్చుకుంటూ పోతుంది. ఇప్పుడు ఆఫీసులో ఉన్న శ్రీనివాస్‌లందరి ఉత్తరాలూ, వాళ్ల జీతం కాగితాలతో సహా, సంబంధం లేని ఒక మేనేజరుకు పోతుంటాయి. తెర మీద ఒక్క ఎర్ర అక్షరం లేదు. టికెట్ మూసేశారు. ఎర్రర్ ఉన్నంతసేపూ అందరి ఉత్తరాలూ భద్రంగా ఉన్నాయి, దాన్ని "సరిచేశాకే" ప్రమాదం మొదలైంది. సరైన మార్గం కష్టమైనదేమీ కాదు: పేరు బదులు పూర్తి ఈమెయిల్ చిరునామా గానీ, మెయిల్‌బాక్స్ జీయూఐడీ సంఖ్య గానీ ఇవ్వాలి. ఎర్రర్‌ను చివరిదాకా చదివినవాళ్లకు ఇది రెండు నిమిషాల పని.

దీనికన్నా భయంకరమైనది ఇంకొకటి ఉంది, అందులో ఎర్రర్ అసలు పుట్టనే పుట్టదు. హెచ్ఆర్ వాళ్లు ఎక్సెల్‌లో జాబితా ఇస్తారు, దాన్ని సీఎస్‌వీగా మార్చి స్క్రిప్ట్‌కు ఇస్తాం. స్క్రిప్ట్‌లో కాలమ్ పేరు ఒకటి, జాబితాలో తలకట్టు ఇంకొకటి: ఈమెయిల్ బదులు ఈమెయిల్‌ఐడీ అని ఉంది. లేని కాలమ్‌ను అడిగితే పవర్‌షెల్ మామూలుగా ఏమీ అనదు, ఖాళీ విలువ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ ఖాళీ విలువను గెట్-మెయిల్‌బాక్స్‌కు ఐడెంటిటీగా ఇస్తే, ఎవరి పేరూ చెప్పలేదు గనుక అందరినీ అడిగినట్టు తీసుకుని మెయిల్‌బాక్సులన్నీ వరసగా ఇస్తుంది. అక్కడినుంచి పైపు. జాబితాలో పది పేర్లు ఉంటే, పదిసార్లు మొత్తం సంస్థ మీద మార్పు జరుగుతుంది. స్ట్రిక్ట్ మోడ్ పెట్టి ఉంటే లేని కాలమ్ దగ్గరే ఆ వరస ఎర్రర్ ఇచ్చి ఆగేది. స్ట్రిక్ట్ మోడ్ పెడితే ఎర్రర్లు ఎక్కువ వస్తాయి అని దాన్ని తీసేయమనేవాళ్లున్నారు. ఎక్కువ రావడమే దాని పని. ఒక స్క్రిప్ట్ మెయిల్‌బాక్సులను తాకుతుందంటే అది చిన్న అనుమానానికే ఆగిపోయేలా ఉండాలి.

పసుపు రంగు హెచ్చరికల గురించి కూడా ఒక మాట. గెట్-మెయిల్‌బాక్స్ ప్రత్యేకంగా చెప్పకపోతే 1,000 మెయిల్‌బాక్సుల దగ్గర ఆగుతుంది, ఇంకా ఉన్నాయని పసుపు అక్షరాల్లో చెబుతుంది. 1,400 మంది ఉన్న సంస్థలో ఆ పసుపును పట్టించుకోకపోతే 400 మందికి మార్పు చేరదు. స్క్రిప్ట్ మాత్రం విజయవంతంగా ముగుస్తుంది. రిజల్ట్ సైజ్ అన్‌లిమిటెడ్ అని రాయడం అందరికీ తెలుసు. మార్పు ఎంతమందికి చేరిందో చివర్లో లెక్కపెట్టేవాళ్లు మాత్రం అరుదు.

ఎదుటి పక్షం వాదనల్లో బలమైనది ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఎర్రర్ సందేశాలే తప్పుదారి పట్టిస్తాయి, వాటిని నమ్మి ఏం లాభం అంటారు. నిజమే, పట్టిస్తాయి. ఎక్స్చేంజ్ 2010 నుంచి అధికారాలు పాత్రల ప్రకారం పంచుతారు. మీ పాత్రకు అనుమతి లేని కమాండ్ మీ సెషన్‌లోకి అసలు రాదు. అలాంటి కమాండ్ కొడితే, నీకు అనుమతి లేదు అని రాదు, ఇలాంటి కమాండ్ ఏదీ లేదు అని వస్తుంది. మెయిల్‌బాక్సును పీఎస్‌టీ ఫైలుగా బయటికి తీసే కమాండ్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. దానికి కావలసిన మెయిల్‌బాక్స్ ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ పాత్ర మొదట్లో ఏ అడ్మిన్ బృందానికీ కేటాయించి ఉండదు. సర్వర్ మొత్తానికి పెద్ద అడ్మిన్ కూడా ఆ కమాండ్ కొట్టి, లేదన్న జవాబు చూసి, మాడ్యూల్ చెడిపోయిందనుకుని దాన్ని తీసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ కూర్చోవచ్చు.

కానీ దీన్నుంచి నేర్చుకోవలసింది ఎర్రర్‌ను పట్టించుకోవద్దని కాదు, ఆ మాట ఎవరు ఏ సందర్భంలో అన్నారో తెలుసుకోమని. అదే కమాండ్ పక్కవాళ్ల అకౌంట్‌తో కనిపిస్తోందా? నా అకౌంట్‌కు ఏయే పాత్రలున్నాయి? ఈ రెండు ప్రశ్నలతో దారి దొరుకుతుంది. దానికి బదులు మన దగ్గర అలవాటైన మందు వేరు: అన్ని అధికారాలూ ఇచ్చేయడం. పాత్ర దొరకలేదా, ఆ అకౌంట్‌ను గ్లోబల్ అడ్మిన్ చేసెయ్. ఎగుమతి ఫైలు షేర్డ్ ఫోల్డరులో పడటం లేదా, ఆ ఫోల్డరుకు ఎవ్రీవన్, ఫుల్ కంట్రోల్ ఇచ్చెయ్. నిజానికి అక్కడ రాయవలసింది ఎక్స్చేంజ్ ట్రస్టెడ్ సబ్‌సిస్టమ్ అనే ఒక్క బృందం. దానికి అనుమతి ఇస్తే చాలు. అందరికీ తెరిచిపెట్టిన ఆ ఫోల్డరులో ఎవరెవరి ఏళ్ల తరబడి ఉత్తరాలో పీఎస్‌టీ ఫైళ్లుగా పడి ఉంటాయి. ఇది ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని, సన్న తీగ తీసేసి మందపాటి రాగి తీగ చుట్టడం లాంటిది. దీపం వెలుగుతుంది, నిజమే. తర్వాత కాలేది ఫ్యూజు కాదు.

లాగిన్ల విషయంలోనూ ఇదే జరిగింది. 2022 అక్టోబరు 1 నుంచి మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ ఆన్‌లైన్‌లో పాత పద్ధతి లాగిన్‌ను, అంటే కేవలం యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచే బేసిక్ అథెంటికేషన్‌ను, దశలవారీగా మూసేయడం మొదలుపెట్టింది. ఏళ్లుగా రాత్రిపూట తమంతట తాము నడిచిన స్క్రిప్టులు లాగిన్ దగ్గరే పడిపోయాయి. అప్పుడు కూడా చాలాచోట్ల లోపం ఎక్కడుందని వెతకలేదు, పాస్‌వర్డ్ మార్చి మార్చి చూశారు. తర్వాత రెండో అంచె ధ్రువీకరణ నుంచి మినహాయించిన ఒక అడ్మిన్ అకౌంట్‌ను సృష్టించి, దాని పాస్‌వర్డ్ స్క్రిప్ట్‌లోనే రాసి పెట్టిన చోట్లున్నాయి. సర్టిఫికెట్‌తో అప్లికేషన్‌గా లాగిన్ అయ్యే దారి అప్పటికే ఉంది. ఆ దారి పట్టాలంటే ఎర్రర్ చెప్పేది పాస్‌వర్డ్ గురించి కాదని ముందు ఒప్పుకోవాలి.

ఇక "మళ్లీ నడిపితే పోయింది" అనేది. ఇది ఎంత విన్నా విసుగు తగ్గని మాట. కొత్త మెయిల్‌బాక్స్ సృష్టించి, వెంటనే దాని మీద సెట్టింగు పెట్టబోతే అలాంటిది ఏదీ దొరకలేదు అని వస్తుంది. అయిదు నిమిషాలాగి మళ్లీ నడిపితే పనిచేస్తుంది. కారణం తెలుసుకోవడం కష్టం కాదు: మెయిల్‌బాక్స్ సమాచారం ఒక డొమైన్ కంట్రోలర్‌లో రాసింది, తర్వాతి కమాండ్ ఇంకో డొమైన్ కంట్రోలర్‌ను అడిగింది, మొదటిదాని నుంచి రెండోదానికి సమాచారం ఇంకా చేరలేదు. రెండు కమాండ్లకూ ఒకే డొమైన్ కంట్రోలర్ పేరు ఇస్తే సమస్య శాశ్వతంగా తీరుతుంది. దానికి బదులు స్క్రిప్ట్ మధ్యలో నిద్ర పెడతారు: 60 సెకన్లు, చాలకపోతే 300. లేదా మొత్తం మళ్లీ నడుపుతారు. మొదటిసారి సగం దూరం వచ్చి పడిపోయిన స్క్రిప్ట్‌ను మొదటినుంచీ మళ్లీ నడపడం అన్నిసార్లూ క్షేమం కాదు. మొదటి సగం పని రెండుసార్లు జరిగినా ఫర్వాలేదా అని ఎవరైనా ముందు చూసుకున్నారా?

ఇదంతా మైక్రోసాఫ్ట్ తలనొప్పి, మా లినక్స్‌లో ఇలాంటివి ఉండవు అనుకునేవాళ్లు డవ్‌కాట్ మెయిల్ సర్వర్ వైపు చూడండి. చెత్తబుట్టలో 30 రోజులు దాటిన ఉత్తరాలు తీసేయాలని రోజూ రాత్రి డవ్అడ్మిన్ ఎక్స్‌పంజ్ నడిపిస్తారు. అక్కడ తేదీ చెప్పడానికి మూడు మాటలున్నాయి. బిఫోర్ అంటే ఉత్తరం సర్వర్‌కు చేరిన తేదీ. సెంట్‌బిఫోర్ అంటే పంపినవాళ్లు ఉత్తరం మీద వేసిన తేదీ. సేవ్‌డ్‌బిఫోర్ అంటే ఈ ఫోల్డరులోకి వచ్చి పడిన తేదీ. ఒక మనిషి 2019 నాటి ఉత్తరాన్ని ఈ సాయంత్రం పొరపాటున చెత్తబుట్టలో వేశాడనుకోండి. మామూలుగా ఉత్తరం ఫోల్డరు మారినా అది సర్వర్‌కు చేరిన తేదీ మారదు. స్క్రిప్ట్‌లో బిఫోర్ అని ఉంటే ఆ ఉత్తరం ఈ రాత్రికే పోతుంది. 30 రోజులు ఉంటుందని ఆ మనిషికి చెప్పాం, ఆయన రేపు తీసుకుందామనుకున్నాడు. ఇక్కడ స్క్రిప్ట్‌లో అక్షరదోషం లేదు, అనుమతి లోపం లేదు, లాగ్‌లో ఎర్రర్ లేదు. ఎర్రర్ వస్తేనే లోపం అనుకునే మనిషికి ఈ లోపం జీవితంలో దొరకదు. అదే షరతుతో ముందు డవ్అడ్మిన్ సెర్చ్ నడిపి, ఏయే ఉత్తరాలు వస్తున్నాయో కళ్లతో చూసినవాళ్లకు మొదటి రోజే దొరుకుతుంది.

షెల్ స్క్రిప్టులకు ఇంకో గుణం ఉంది. పైపుతో కలిపిన కమాండ్లలో చివరిది గెలిస్తే వరస మొత్తం గెలిచినట్టే లెక్క. ఎక్స్‌పంజ్ విఫలమైనా, దాని మాటలను లాగ్ ఫైలులో రాసే టీ కమాండ్ తన పని తాను చేసింది గనుక ఫలితం సున్నా, అంటే విజయం. పైప్‌ఫెయిల్ పెట్టని స్క్రిప్ట్ ఇలా ఏళ్ల తరబడి విజయవంతంగా విఫలమవుతూ ఉండగలదు. మెయిల్ ఫోల్డర్లను ఆర్ఎం కమాండ్‌తో తీసే చోట యూజర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీ అయితే, పోయేది ఒక యూజర్ ఫోల్డరు కాదు, ఆ డొమైన్ మొత్తం.

తెలుగుకు జరిగే నష్టాన్ని మాత్రం కొంచెం నిలబడి చెప్పాలి, ఎందుకంటే దీన్ని నష్టంగా లెక్కవేసేవాళ్లే తక్కువ. విండోస్ పవర్‌షెల్ 5.1లో ఎక్స్‌పోర్ట్-సీఎస్‌వీ, ఎన్‌కోడింగ్ చెప్పకపోతే, ఆస్కీలో రాస్తుంది. ఆస్కీలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. డిస్‌ప్లే నేమ్ తెలుగులో పెట్టుకున్న ప్రతి ఉద్యోగి పేరూ ప్రశ్నార్థకాల వరసైపోతుంది. ఆ ఫైలును ఎవరైనా సవరించి తిరిగి సర్వర్‌లోకి ఎక్కిస్తే, సర్వర్‌లోని అసలు పేర్లు కూడా ప్రశ్నార్థకాలైపోతాయి. ప్రశ్నార్థకం చెల్లుబాటయ్యే అక్షరమే గనుక ఏ ఎర్రరూ రాదు. యూటీఎఫ్-8 అని ఒక్క మాట చేర్చితే ఇది జరగదు. లినక్స్ వైపు, తెలుగు పేరున్న ఐమ్యాప్ ఫోల్డరు సర్వర్ డిస్కు మీద చాలాచోట్ల తెలుగులో ఉండదు. ఐమ్యాప్ పాత నియమం ప్రకారం దాన్ని ఆంపర్సాండ్ గుర్తుతో మొదలయ్యే ఇంగ్లీషు అక్షరాల వరసగా మార్చి దాస్తారు. డిస్కు మీద "జీతాలు" అన్న ఫోల్డరును వెతికే స్క్రిప్ట్‌కు అది దొరకదు. దొరకలేదన్న ఎర్రర్‌ను నొక్కేసి ఉంటే, ఇంగ్లీషు పేర్ల ఫోల్డర్లన్నీ కొత్త సర్వర్‌కు చేరి తెలుగు ఫోల్డర్లు మాత్రం పాత సర్వర్‌తోపాటు పోతాయి. ఆ తర్వాత "అందుకే ఫోల్డర్లకు తెలుగు పేర్లు పెట్టొద్దని చెప్పాం" అనడం విన్నాను. ఆ మాట నాకు కోపం తెప్పిస్తుంది. తన భాషలో ఫోల్డరు పేరు పెట్టుకున్న మనిషి తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు.

కమాండ్లు మానేసి గ్రాఫికల్ తెర వాడితే ఈ గొడవ ఉండదు కదా అంటే, దానికి జవాబు చిన్నది. ఎక్స్చేంజ్ 2007 నుంచే ఆ తెర వెనక నడిచేవి ఇవే కమాండ్లు. పైగా రెండు వేల మెయిల్‌బాక్సులను ఒక్కొక్కటిగా నొక్కే చేతికి మధ్యలో పొరపాటు తప్పదు. ఏఐ సహాయకులను అడిగితే సరి అనేవాళ్లకూ అంతే: ఎర్రర్ పోవడమెలా అని అడిగితే అవి పోయే దారి చెబుతాయి. ప్రశ్నే తప్పైతే జవాబు ఎంత చురుగ్గా ఉన్నా ఒకటే.

టైము లేదు, ఎస్ఎల్ఏ దాటిపోతోంది అన్న వాదన మిగిలింది. రాత్రి రెండు గంటలకు ఫోన్ మీద ఫోన్ వస్తుంటే ఎర్రర్‌ను చివరిదాకా చదివే ఓపిక ఉండదని నాకు తెలుసు. ఆ ఒత్తిడి పెట్టేవాళ్లే ఈ నమ్మకాన్ని పోషిస్తున్నారు. అందుకే నా కోపం ఆ కుర్రాళ్ల మీద కంటే టికెట్ మూసిన సంఖ్యను మాత్రమే చూసే మేనేజర్ల మీద ఎక్కువ. వాళ్లు గిట్‌ల్యాబ్ అనే సంస్థ కథ చదవాలి. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజినీరు డేటాబేస్ సమస్య సరిచేసే హడావుడిలో ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్ మీద తుడిచేసే కమాండ్ నడిపాడు. అది ఒక్క మనిషి పొరపాటు. అసలు దెబ్బ తర్వాత తెలిసింది: రోజువారీ బ్యాకప్ స్క్రిప్ట్ వెర్షన్ల తేడా వల్ల అంతకుముందునుంచే విఫలమవుతోంది. అది మౌనంగా లేదు, ఎర్రర్‌ను ఈమెయిల్‌లో పంపుతూనే ఉంది. ఆ ఈమెయిళ్లకు, పంపినది ఫలానా సంస్థేనని రుజువుచేసే డీమార్క్ సరిగా పెట్టకపోవడంతో, అందుకునే సర్వర్ వాటిని తిప్పికొట్టింది. ఎవరికీ అందలేదు. దాదాపు ఆరు గంటల డేటా శాశ్వతంగా పోయింది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా ప్రపంచానికి చెప్పింది, అందుకు వాళ్లను గౌరవించాలి.

టికెట్ మూసే ముందు అడగవలసింది ఎర్రర్ పోయిందా అని కాదు. ఎన్ని మెయిల్‌బాక్సులు మారాలి, ఎన్ని మారాయి, మారనివి ఏవి అని. మార్చే ముందు వాట్-ఇఫ్‌తో ఒక్క మెయిల్‌బాక్స్ మీద చూశారా, నడిపినదంతా ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉందా అని. ఇవి అడిగితే పని పదిహేను నిమిషాలు ఆలస్యమవుతుంది. అడగకపోతే ఏమవుతుందో ఎక్స్చేంజ్ గడువులే చెబుతాయి: సాధారణ సెట్టింగుల్లో తొలగించిన ఉత్తరం 14 రోజులు, తొలగించిన మెయిల్‌బాక్స్ 30 రోజులు తిరిగి తెచ్చుకోవచ్చు. నోరు నొక్కిన ఎర్రర్ మూడో వారంలో బయటపడితే ఉత్తరం అప్పటికే పోయి ఉంటుంది. తుడిచిన ఉత్తరాలను కొన్నాళ్లు దాచి ఉంచే లేజీ ఎక్స్‌పంజ్ ప్లగిన్ పెట్టుకోని డవ్‌కాట్ సర్వర్‌లో ఆ గడువు కూడా లేదు. అక్కడ బ్యాకప్ ఒక్కటే దిక్కు, అదీ నిన్న రాత్రి నిజంగా జరిగి ఉంటేనే, జరగలేదని చెప్పే ఎర్రర్‌ను క్రాన్ వరస చివర ఎవరూ డెవ్-నల్‌లోకి తోసి ఉండకపోతేనే.